ఇప్పపూలు మనవి.. కొలువులు ఎవరివి?

కొరియా అంటే మనకు కే-పాప్, కే-డ్రామా, సెల్‌ఫోన్లు, కార్లు. ఇప్పుడు ఆ జాబితాలోకి వైన్ కూడా చేరుతోంది. పల్లెల్లో పండే ద్రాక్ష, కొండల్లో కాసే అడవి పండ్లతో తయారైన కొరియా వైన్లు విదేశీ అతిథుల విందుల దాకా వెళ్తున్నాయి. అలాంటి ముడిసరుకే మన పాల్వంచ చుట్టూ అడవిలో ఏటా రాలిపడుతోంది. అదే ఇప్పపువ్వు. దాన్ని మంచి సరుకుగా మార్చాలంటే ఏ చదువులు కావాలి? కొలువులు ఎక్కడున్నాయి? చట్టం ఏమంటోంది? డిగ్రీ చదువుతున్నవాళ్లు, పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతులివి.

తెల్లారేసరికి చెట్టు కింద

మార్చి చివర్లో ఓ రోజు పొద్దున్నే పాల్వంచ నుంచి కిన్నెరసాని వైపు వెళ్లి చూడండి. ఆకులు రాల్చుకున్న ఇప్ప చెట్ల కింద ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు బుట్టలు పెట్టుకుని పూలు ఏరుతుంటారు. ఈ పువ్వును చెట్టెక్కి కోసే పని లేదు. రాత్రి విచ్చుకుంటుంది, తెల్లవారుజామున తనంతట తానే రాలుతుంది. మీగడ రంగులో, గోళీకాయంత ఉంటుంది. పట్టుకుంటే జిగురు, నోట్లో వేసుకుంటే తీపి. ఎండెక్కేలోపు ఏరకపోతే పశువుల పాలో, అడవి జంతువుల పాలో అవుతుంది. వాకిట్లో పరిచి నాలుగు రోజులు ఎండబెడితే ఎండుద్రాక్షలా ముడుచుకుంటుంది. అలా ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే.

కోయ, కొండరెడ్డి గూడేలకు ఇప్ప చెట్టంటే దేవత. తిండికి లేని రోజుల్లో ఇప్పపువ్వును ఉడకబెట్టుకుని తిన్నారు, జొన్నలతో కలిపి దంచుకున్నారు. గింజ నుంచి తీసిన ఇప్ప నూనెతో దీపం పెట్టారు, కూర వండారు. పండుగకు, పెళ్లికి, చావుకు ఇప్ప సారా పోశారు. ఇంటి అవసరాలకు పోగా మిగిలిన పువ్వు, పలుకు వారపు సంతకో, జీసీసీ డిపోకో వెళ్తుంది. ఏరినవాళ్లకు దాంతో సంబంధం అక్కడితో తెగిపోతుంది.

కానీ పువ్వు ప్రయాణం అక్కడ ఆగడం లేదు. ఇదే పువ్వు నుంచి తీసిన మద్యం ఇవాళ గోవాలో, మహారాష్ట్రలో అందమైన సీసాల్లో అమ్ముడవుతోంది. 2021లో ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా ప్రాంతపు అడవుల నుంచి ఎండిన ఇప్పపూలు ఓడెక్కి ఫ్రాన్స్ వెళ్లాయి. పువ్వు ఏరే చేతికీ, సీసా కొనే చేతికీ మధ్య పది రకాల పనులున్నాయి. ఆరబెట్టేవాళ్లు కావాలి, పరీక్షించేవాళ్లు కావాలి, పులియబెట్టేవాళ్లు, ప్యాక్ చేసేవాళ్లు, లైసెన్సులు చూసేవాళ్లు, అమ్మేవాళ్లు కావాలి. ప్రశ్న ఒక్కటే. ఆ పనుల్లో మన పిల్లలు ఎందరుంటారు?

ఈ ప్రశ్న పాల్వంచకు ఇప్పుడే ఎందుకంటే.. ఇక్కడ మూడు తరాలుగా ఉద్యోగమంటే కేటీపీఎస్, స్పాంజ్ ఐరన్, నవభారత్. 2024 ఆగస్టులో కేటీపీఎస్ పాత ప్లాంటుకు చెందిన 8 కూలింగ్ టవర్లను కూల్చేస్తుంటే ఊరు ఊరంతా నిలబడి చూసింది. కొత్త యూనిట్లు నడుస్తున్నాయి, నిజమే. కానీ తాతకు, తండ్రికి దొరికినట్టు ప్రతి ఇంట్లో ఒకరికి ప్లాంటులో పని దొరికే రోజులు కావివి. బీఎస్సీ పట్టా చేతిలో పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కడం తప్ప ఇంకో దారి లేదా అని అడిగేవాళ్లు ఏటా పెరుగుతున్నారు.

కొరియా ఎక్కడ మొదలుపెట్టింది?

కొరియాలో ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ బియ్యంతో మద్యం పులియబెట్టుకునేవారు. మన దగ్గర ఆవకాయ ఎలాగో వాళ్లకది అలాగ. ఏ ఇంటి రుచి ఆ ఇంటిదే. జపాన్ పెత్తనం మొదలయ్యాక 1909లో మద్యం పన్ను చట్టం వచ్చింది, 1916లో ఇంకా బిగించారు, 1934 నాటికి ఇంటి వాడకానికి ఇచ్చే అనుమతులు కూడా పోయాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా కష్టం తీరలేదు. తిండిగింజల కరువుతో 1965లో మద్యానికి బియ్యం వాడకూడదని ప్రభుత్వం నిషేధించింది. ఇంట్లో మద్యం తయారుచేసుకోవడం మళ్లీ చట్టబద్ధమయ్యేసరికి 1995 వచ్చింది. అప్పటికి ఎన్నో ఇళ్ల రుచులు మరుగున పడిపోయాయి.

పోయిన చోటే వెతుక్కోవడం మొదలుపెట్టారు. అందులో ఓ పాయ వైన్‌ది. నిజానికి కొరియా వాతావరణం వైన్ ద్రాక్షకు అంత అనుకూలం కాదు. ఎండాకాలంలోనే వానలు, చలికాలంలో గడ్డకట్టే చలి. అక్కడ ఎక్కువగా పండేది క్యాంప్‌బెల్ ఎర్లీ అనే తినే ద్రాక్ష. ఫ్రాన్స్‌లా మా దగ్గర పండదే అని కూర్చోకుండా, ఉన్న పండుతోనే చేశారు. ద్రాక్ష తోటలకు పేరున్న యోంగ్‌డాంగ్ అనే జిల్లాలో రైతులే చిన్న చిన్న వైనరీలు పెట్టుకున్నారు. 2018లో అక్కడ వైన్ సొరంగం పేరుతో ఓ పర్యాటక కేంద్రం కూడా తెరిచారు. ప్రభుత్వ వ్యవసాయ పరిశోధకులు తయారుచేసిన చోంగ్సూ అనే తెల్లద్రాక్ష కథ ఇంకా బాగుంటుంది. 1993లో తినే ద్రాక్షగా బయటికొచ్చిన ఆ రకానికి పెద్దగా ఆదరణ దక్కలేదు. తర్వాత వైన్‌కు అదే బాగా పనికొస్తుందని తేలింది. ఇవాళ కొరియా తెల్లవైన్ అనగానే ముందు దాని పేరే చెబుతారు.

ద్రాక్షతో ఆగలేదు. గోచాంగ్ ప్రాంతంలో బొక్బుంజా అనే నల్లటి అడవి పండుతో, ముంగ్యోంగ్ కొండల్లో ఐదు రుచుల పండుగా పిలిచే ఓమిజాతో వైన్లు చేస్తున్నారు. చోంగ్డో అనే ఊళ్లో పెర్సిమన్ పండుతో చేసిన వైన్‌ను పాత రైలు సొరంగంలో నిల్వచేసి, ఆ సొరంగాన్నే చూడదగ్గ చోటుగా మార్చారు. ఈ పెర్సిమన్ ఏదో కాదు. మన అడవుల్లో బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టుకు దగ్గరి చుట్టం. రెండూ ఒకే ప్రజాతి చెట్లు. మనం ఎండాకాలంలో ఏరుకుని తిని మరిచిపోయే తునికి పండు లాంటిదే అక్కడ సీసాలోకి ఎక్కింది.

ఓమిజా వైన్ వెనకున్న మనిషి లీ జోంగ్-గి. ఆయన స్కాట్లాండ్‌లో మద్యం తయారీ శాస్త్రం చదివారు, ఏళ్ల తరబడి విస్కీ బ్లెండర్‌గా పనిచేశారు. ఆ అనుభవంతో సొంత దేశపు అడవి పండు పట్టుకున్నారు. 2012లో సియోల్‌లో జరిగిన అణు భద్రతా సదస్సులో దేశాధినేతల విందుకు ఆ వైన్ వెళ్లింది. పండు ఎప్పటి నుంచో అక్కడే ఉంది. శాస్త్రం తెలిసిన చెయ్యి పడ్డాక దానికి విలువ వచ్చింది.

కొరియా వైన్ ఫ్రాన్స్‌ను, ఇటలీని మించిపోయిందని ఎవరూ అనరు. కొరియా వాళ్లు తాగే వైన్‌లో ఎక్కువ భాగం ఇప్పటికీ దిగుమతే. కాకపోతే సినిమాలు, పాటలు, తిండి వెంట కొరియా రుచుల మీద లోకానికి ఆసక్తి పెరిగింది. ఆ గాలికి తెరచాప ఎత్తడానికి పల్లెల్లో చిన్న వైనరీలు సిద్ధంగా ఉన్నాయి.

మన దగ్గరా అదే కథ

కొరియాలో 1909లో జరిగింది మన దగ్గర అంతకంటే ముందే జరిగింది. బొంబాయి ప్రెసిడెన్సీలో ఇప్పపూల మీదే బ్రిటిష్ వాళ్లు 1892లో ఓ చట్టం చేశారు. మౌరా చట్టం అనేవారు. పువ్వు ఏరుకోవడం, దాచుకోవడం మీద ఆంక్షలు పెట్టారు. పైకి చెప్పింది ఏదైనా, అసలు సంగతి ఎక్సైజ్ ఆదాయం. ఇంట్లో కాచుకునే సారా ఉంటే సర్కారు మద్యం ఎవరు కొంటారు?

మన గోదావరి ఒడ్డున ఇంకా ముందే మంట రేగింది. ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడం మీద పన్ను వేసినందుకు, ఆంక్షలు పెట్టినందుకు 1879లో రంప తిరుగుబాటు వచ్చింది. అది భద్రాచలం తాలూకాలోని రేకపల్లి దాకా పాకింది. అడవిలో దొరికే పానీయం మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న ఈ నేలకు కొత్త కాదు.

స్వాతంత్ర్యం తర్వాత కూడా ఎక్సైజ్ చట్టాల తీరు పెద్దగా మారలేదు. అనుమతి లేకుండా సారా కాస్తే నేరం. తెలంగాణలో ఇవాళ్టికీ అంతే. దాంతో ఇప్ప సారా అంటే దాడులు, కేసులు, పగిలిన కుండలు గుర్తొస్తాయి తప్ప, అదో పనితనం అన్న మాట గుర్తుకురాదు. తరాల తెలివి దొంగచాటు పని అయిపోయింది.

దారి తీసినవాళ్లు

ఈ మధ్య గాలి మారుతోంది. ముందుగా గోవా సంగతి. జీడిమామిడి పండుతో తీసే ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2016లో గోవా ప్రభుత్వం దాన్ని వారసత్వ పానీయంగా ప్రకటించింది. ఒకప్పుడు నాటుసారా అని తీసిపారేసిన ఫెనీ ఇవాళ పర్యాటకులు అడిగి కొనే సరుకు.

రెండోది మనకు దగ్గరి కథ. ఐఐటీ మద్రాస్‌లో చదివిన డెస్మండ్ నజరెత్ దక్కన్ పీఠభూమిలో పెరిగే కిత్తనార జాతి మొక్కతో మద్యం తయారుచేయాలని చిత్తూరు జిల్లాలో చిన్న డిస్టిలరీ పెట్టారు. 2011లో గోవా మార్కెట్‌లోకి వచ్చారు. అదే సంస్థ 2018లో ఇప్పపువ్వు మద్యాన్ని తన బ్రాండ్‌తో విడుదల చేసింది. మహారాష్ట్రలోని డహాణులో ఉన్న సౌత్ సీస్ డిస్టిలరీస్ 2024లో సిక్స్ బ్రదర్స్ మహురా పేరుతో మరో ఇప్ప మద్యాన్ని తెచ్చింది.

మూడోది మధ్యప్రదేశ్. 2021లో అక్కడి ప్రభుత్వం ఇప్ప సారాను వారసత్వ మద్యంగా గుర్తిస్తామని ప్రకటించి, ఆ తర్వాత విధానం తెచ్చింది. తయారుచేసే హక్కు ఆదివాసీ స్వయం సహాయక సంఘాలకు ఇచ్చారు. అలీరాజ్‌పూర్ నుంచి మోండ్, డిండోరీ నుంచి మోహులో అనే బ్రాండ్లు వచ్చాయి. పువ్వు ఏరినవాళ్లే సీసాకూ యజమానులు కావాలన్నది అక్కడి ఆలోచన.

గోవాలో గుర్తింపు, చిత్తూరులో చదువుకున్నవాడి ప్రయోగం, మధ్యప్రదేశ్‌లో ఆదివాసీ సంఘాలకు హక్కు. మూడు చోట్లా మొదలు వేరు. కానీ ఎక్కడైనా ప్రయోగశాల, నాణ్యత, లేబుల్, లైసెన్సు తెలిసిన మనుషులు లేకుండా ఒక్క సీసా కూడా బయటికి రాలేదు.

తెలంగాణలో ఎక్కడున్నాం?

మన రాష్ట్రంలో ఇప్ప మద్యానికి ఇంకా అలాంటి దారి లేదు. ఇప్ప తిండికి మాత్రం దారి పడింది. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇప్పపూల లడ్డూలు చేసి అమ్ముతోంది. ఆదిలాబాద్ ఇప్పపూల వంటకాల గురించి 2025 మార్చిలో ప్రధాని మన్ కీ బాత్‌లో ప్రస్తావించారు. అదే ఏడాది జూన్‌లో మన భద్రాచలం మహిళల వంతు వచ్చింది. ఒకప్పుడు పొలం పనులకు వెళ్లిన ఆ మహిళలు భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్ పేరుతో చిరుధాన్యాల బిస్కెట్లు తయారుచేస్తున్నారు. ఐటీడీఏ చేయూతతో మొదలైన పని అది.

పానీయాల్లో చూస్తే నీరా ఉంది. పులియకముందు తాటి, ఈత చెట్ల నుంచి తీసే నీరాకు హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో ప్రభుత్వమే కేఫ్ తెరిచింది. కల్లు కాంపౌండ్ అంటే ముఖం చిట్లించేవాళ్లు కూడా అక్కడ కుటుంబంతో వెళ్లి కూర్చుంటున్నారు. ఇప్పపువ్వుతోనూ మత్తు లేని పానీయం చేయొచ్చు. కేంద్ర సంస్థ ట్రైఫెడ్, ఐఐటీ ఢిల్లీ కలిసి అలాంటి పోషక పానీయాన్ని ఇప్పటికే రూపొందించాయి. జామ్, సిరప్, బిస్కెట్, చాక్లెట్ ఏదైనా కావొచ్చు. నాణ్యమైన పువ్వు ఉంటే చాలు.

ఇక గిరిజన పంట ప్రపంచానికి ఎలా వెళ్తుందో చూడాలంటే అరకు కాఫీ ఉండనే ఉంది. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ గింజ నాణ్యత చూసేవాళ్లు, రుచి పరీక్షించేవాళ్లు, రైతుకు పండు కోసే పద్ధతి నేర్పేవాళ్లు అందరూ కలిస్తేనే ఆ పేరు వచ్చింది. రుచి చూడటం కూడా ఒక ఉద్యోగమే అని అరకు యువత తెలుసుకుంది.

మరిచిపోకూడని మాట

మద్యం గురించి రాస్తున్నప్పుడు ఒక సంగతి దాచకూడదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం ఉమ్మడి రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం తెచ్చింది. తాగుడు ఇళ్లను ఏం చేస్తుందో ఆ తల్లులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మన గూడేల్లోనూ ఆ కష్టం ఉంది. కాబట్టి ఇప్ప మద్యానికి అనుమతి ఇస్తే బాగుపడిపోతామని ఎవరైనా అంటే, వెంటనే తలూపొద్దు.

ఏజెన్సీ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది. చిన్నతరహా అటవీ ఫలసాయం మీద హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిలో బతికేవాళ్లకే ఇచ్చింది. ఇప్పతో ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది నిర్ణయించాల్సింది గూడెం. బయటి కంపెనీ వచ్చి పువ్వు కొనుక్కుపోయి బ్రాండ్ కట్టుకుంటే మనకు మిగిలేది మళ్లీ బుట్టే. సంఘం చేతిలో యూనిట్ ఉండి, అందులో మన పిల్లలు కెమిస్టులుగా, మేనేజర్లుగా ఉంటే లెక్క మారుతుంది.

ఇంకో మాట. తెలంగాణలో మద్యం కొనడానికి, తాగడానికి కనీస వయసు 21. ఈ రంగంలో పనిచేయడానికి తాగాల్సిన అవసరం లేదు. పులియబెట్టే శాస్త్రం వేరు, తాగుడు వేరు. పెరుగు తోడుకోవడం, ఇడ్లీ పిండి పులవడం, యాంటీబయాటిక్ మందు తయారవడం, చెరకు మొలాసిస్ నుంచి ఇథనాల్ రావడం అన్నీ ఆ శాస్త్రమే. సూక్ష్మజీవులతో పని చేయించుకోవడం ఒకసారి వస్తే హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని వ్యాక్సిన్ కంపెనీ నుంచి డెయిరీ దాకా ఎక్కడైనా పనికొస్తుంది. ఇప్ప పరిశ్రమ రేపే రాకపోయినా ఈ చదువు వృథా పోదు.

కొలువులు ఎక్కడ?

సేకరణ, ఎండబెట్టడం: ఇప్పపువ్వు ధర తగ్గడానికి మొదటి కారణం మట్టి, చెత్త, తేమ. చెట్టు కింద శుభ్రం కోసం ఆకులు తగలబెడితే అడవికే నిప్పంటుకుంటుంది. చెట్టు కింద వల కట్టి పువ్వు నేలను తాకకుండా పట్టే పద్ధతి ఛత్తీస్‌గఢ్‌లో అమల్లో ఉంది. ఆహార నాణ్యత గల పువ్వు కావాలంటే అదే దారి. వల పద్ధతి నేర్పడం, సోలార్ డ్రయ్యర్లు నడపడం, తేమ కొలవడం, నిల్వ చూసుకోవడం వంటి పనులకు క్షేత్ర సిబ్బంది కావాలి. వ్యవసాయ డిప్లొమా, బీఎస్సీ వాళ్లకు అనుకూలం. కోయ భాష వచ్చినవాళ్లకు ఇక్కడ మొదటి ప్రాధాన్యం, ఎందుకంటే ఏరేవాళ్లతో మాట్లాడగలగాలి.

ప్రయోగశాల: చక్కెర శాతం, ఆమ్లత్వం, సూక్ష్మజీవుల లెక్క, పురుగుమందుల అవశేషాలు, మద్యమైతే మిథనాల్ పరీక్ష. కల్తీసారా తాగి ప్రాణాలు పోయిన ఘటనల్లో ఎక్కువసార్లు హంతకి మిథనాలే. అందుకే ఈ బల్ల దగ్గర కూర్చునేవాళ్ల సంతకానికి విలువ ఎక్కువ. బీఎస్సీ కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ వాళ్లకు సరిపోయే పని.

తయారీ: ఈస్ట్ ఎంపిక, ఉష్ణోగ్రత నియంత్రణ, ట్యాంకుల శుభ్రత, బ్యాచ్ రికార్డులు. డిస్టిలరీలు, బ్రూవరీలు, ఇథనాల్ ప్లాంట్లలో షిఫ్ట్ కెమిస్ట్‌తో మొదలై ప్రొడక్షన్ మేనేజర్ దాకా ఎదగొచ్చు. పాల్వంచ ఇళ్లలో షిఫ్ట్ డ్యూటీ అంటే ఎవరికీ కొత్తగా వివరించక్కర్లేదు.

నిబంధనలు: మద్య పానీయాల ప్రమాణాలపై ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. లేబుల్ మీద ఏం ఉండాలి, ఏ హెచ్చరిక రాయాలి అన్నీ అందులో ఉంటాయి. ఇవి చదివి అర్థం చేసుకునేవాళ్లు చిన్న కంపెనీలకు చాలా అవసరం. లా, ఫుడ్ టెక్నాలజీ వాళ్లు చూడాల్సిన చోటు.

అమ్మకం, పర్యాటకం: కొరియా సొరంగాల్లో వైన్ చూపించి ఊరికి జనాన్ని రప్పించినట్టు, మనకు కిన్నెరసాని డ్యామ్, అభయారణ్యం, పెద్దమ్మ గుడి, భద్రాచలం రాముడు అన్నీ ఒకే దారిలో ఉన్నాయి. ఇప్ప లడ్డూ, ఇప్ప టీ దొరికే ఓ మంచి దుకాణం ఈ దారిలో నడవదని ఎవరంటారు? ప్యాకింగ్ డిజైన్, ఫొటోగ్రఫీ, ఆన్‌లైన్ అమ్మకం తెలిసిన యువతకు అవకాశం.

ప్రభుత్వ ఉద్యోగాలు: అసిస్టెంట్ ఎక్సైజ్ సూపరింటెండెంట్ పోస్టు గ్రూప్-1లో, ఎక్సైజ్ ఎస్‌ఐ పోస్టు గ్రూప్-2లో ఉంటాయి. కానిస్టేబుళ్లను పోలీస్ నియామక మండలి ఎంపిక చేస్తుంది. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టులకు ఫుడ్ టెక్నాలజీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ నేపథ్యం పనికొస్తుంది. అడవి జీవితం తెలిసిన అధికారి ఒక్కరున్నా కుండ పగలగొట్టే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తారు.

ఏం చదవాలి?

● ఇంటర్ ఎంపీసీ తర్వాత: జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలోని రుద్రూరు కళాశాలలో బీటెక్ ఫుడ్ టెక్నాలజీ ఉంది. హర్యానాలోని కుండ్లీ, తమిళనాడులోని తంజావూరుల్లో ఉన్న నిఫ్టెమ్‌లలో జేఈఈ మెయిన్ ర్యాంకుతో చేరొచ్చు.

● ఇంటర్ బైపీసీ తర్వాత: దోస్త్ ద్వారా బీఎస్సీలో మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, కెమిస్ట్రీ ఉన్న కాంబినేషన్ తీసుకోండి.

● డిగ్రీ తర్వాత: సీపీగెట్ రాసి కాకతీయ, ఉస్మానియా వంటి విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చేయొచ్చు. మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐలో ఎమ్మెస్సీ ఫుడ్ టెక్నాలజీకి దేశమంతా పేరుంది.

● పులియబెట్టే శాస్త్రంలోనే నైపుణ్యం కావాలంటే: కాన్పూరులోని నేషనల్ షుగర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇండస్ట్రియల్ ఫెర్మెంటేషన్, ఆల్కహాల్ టెక్నాలజీలో పీజీ డిప్లొమా ఉంది. పుణేలోని వసంతదాదా షుగర్ ఇన్‌స్టిట్యూట్‌లో వైన్, బ్రూయింగ్, ఆల్కహాల్ టెక్నాలజీలో ఎమ్మెస్సీ చేయొచ్చు. అర్హతలు, ఫీజులు ఏటా నోటిఫికేషన్‌లో చూసుకోండి.

● హోటల్, పర్యాటక రంగం వైపు వెళ్లాలనుకుంటే: హైదరాబాద్ విద్యానగర్‌లోని ఐహెచ్‌ఎం, గచ్చిబౌలిలోని నిథమ్ ఉన్నాయి. వైన్ రుచి పరీక్షలో లండన్ సంస్థ డబ్ల్యూఎస్‌ఈటీ ఇచ్చే సర్టిఫికెట్లకు ప్రపంచమంతటా గుర్తింపు ఉంది. భారత్ నుంచి మొదటి మాస్టర్ ఆఫ్ వైన్ సోనల్ హాలండ్, 2016లో ఆ పట్టా సాధించారు.

● కొరియాలోనే చదవాలనుకుంటే: అక్కడి ప్రభుత్వం గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్ ఇస్తోంది. హైదరాబాద్ ఇఫ్లూలో కొరియన్ భాష నేర్చుకోవచ్చు. డ్రామాలు చూసి నాలుగు మాటలు వచ్చినవాళ్లు మన కాలేజీల్లో చాలామందే ఉన్నారు. ఆ నాలుగు మాటలను టోపిక్ పరీక్ష దాకా తీసుకెళ్తే భాషే ఒక అర్హత అవుతుంది.

ఇక్కడుండే ఏం చేయొచ్చు?

పెద్ద కోర్సు, పెద్ద ఊరు అందరికీ కుదరదు. పాల్వంచ, కొత్తగూడెంలో ఉండి ఈ ఏడాదే మొదలుపెట్టగల పనులు కొన్నున్నాయి.

ఒకటి, ప్రాజెక్టు. డిగ్రీ చివరి ఏడాది ప్రాజెక్టును నెట్‌లో దొరికింది దించి ఇచ్చేయకుండా ఇప్పపువ్వు మీద చేయండి. నేల మీద ఏరిన పువ్వు, వలలో పట్టిన పువ్వు తీసుకుని తేమ, చక్కెర, బూజు ఎంతెంత ఉన్నాయో పోల్చి చూడండి. కాలేజీ ల్యాబులో ఉన్న పరికరాలతోనే అయ్యే పని ఇది. ఇంటర్వ్యూలో మీ సొంత లెక్కలు చూపించగలిగితే ఆ మాటకు బరువే వేరు.

రెండు, శిక్షణ. కొత్తగూడెం కృషి విజ్ఞాన కేంద్రంలో, భద్రాచలం ఐటీడీఏలో ఆహార శుద్ధి శిక్షణలు ఎప్పుడుంటాయో వెళ్లి కనుక్కోండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ఫోస్టాక్ శిక్షణ తక్కువ రోజుల్లో అయిపోతుంది, సర్టిఫికెట్ ఇస్తారు.

మూడు, యూనిట్. ఒంటరిగా కాకుండా అమ్మ, పిన్ని ఉన్న మహిళా సంఘంతో కలిసి మొదలుపెట్టండి. 2018లో మొదలైన వన్‌ధన్ వికాస్ కేంద్రాల పద్ధతి ఇదే. 15 సంఘాలు, సంఘానికి 20 మంది, మొత్తం 300 మంది కలిసి అటవీ ఉత్పత్తులకు విలువ జోడిస్తారు. చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు 2020లో వచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా రుణంతో ముడిపడ్డ రాయితీ పెట్టారు. ఇప్పుడు ఏ పథకం అమల్లో ఉందో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. ఒక్కటి గుర్తుంచుకోండి. పీఎంఈజీపీ లాంటి స్వయం ఉపాధి రుణాలు మత్తు పదార్థాల తయారీకి ఇవ్వరు. లడ్డూకు, సిరప్‌కు, నూనెకు అడగండి.

నాలుగు, ఇంట్లో అడగండి. ఏ చెట్టు పువ్వు తీపి ఎక్కువ, ఏ చెట్టుది తొందరగా నల్లబడుతుంది, వాన పడితే ఏం చేయాలి.. ఇవన్నీ మీ నానమ్మకు, అమ్మమ్మకు నోటికి వచ్చు. కొరియా వాళ్లు ఇంటి రుచులు పోగొట్టుకున్నాక ముసలివాళ్లను వెతుక్కుంటూ తిరగాల్సి వచ్చింది. మన దగ్గర ఆ ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. ఒక నోటుబుక్కు, ఒక పెన్ను చాలు.

వచ్చే మార్చిలో ఇప్ప చెట్లు మళ్లీ పూస్తాయి. ఏరడానికి అమ్మలు ఎలాగూ వెళ్తారు. ఈసారి వాళ్ల వెంట బీఎస్సీ చదివే కూతురో కొడుకో తేమ కొలిచే మీటరు పట్టుకుని వెళ్తే, పువ్వు సంతలో ఆగిపోకుండా ఇంకా ముందుకు వెళ్లే దారి అక్కడే మొదలవుతుంది.